హోమర్ తలదాచుకున్న లోయలు

పెరట్లో కరివేపాకు రెమ్మ తుంచబోతే ఒక్కోసారి ఆకు మీద పిట్టరెట్టలాంటిది కదులుతుంది. దులిపేయకుండా వదిలేస్తే కొన్నాళ్లకు అదే సీతాకోకచిలుకై ఎగిరిపోతుంది. వాటిలో ఒకదాని పేరు పాలిటీస్. ట్రాయ్ రాజు ప్రియం కొడుకు పేరది. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ చిలుకలకు పేర్లు పెడుతూ ట్రోజన్ యుద్ధాన్నంతా రెక్కలెక్కించాడు. రొమ్ము మీద నెత్తుటి మచ్చలుంటే ట్రాయ్ పక్షం, లేకుంటే గ్రీకు పక్షం. మన తోటల్లో తిరిగే ఎరుపూ నలుపుల హెక్టర్‌కు ఆ పేరు పెట్టిందీ ఆయనే.

యోధుల పేర్లు చాలనుకున్నాడేమో, 1793లో ఆయన శిష్యుడు ఫాబ్రీషియస్ ఒక చిలుకకు ఏకంగా ఆ యుద్ధాన్ని పాడిన కవి పేరే పెట్టేశాడు. అదే పాపిలియో హోమరస్. నల్లటి రెక్కల మీద పసుపు పట్టీ, రెక్కలు చాపితే సుమారు 15 సెంటీమీటర్లు. అమెరికా ఖండాల్లోని తోకరెక్కల చిలుకల్లో ఇదే పెద్దది. జమైకా దీవి దాటితే మరెక్కడా లేదు.

ఆ దీవిని 1655లో స్పెయిన్ నుంచి లాక్కున్న ఇంగ్లీషువాళ్లు మైదానాలను చెరకు తోటలు చేశారు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లలో తప్పించుకున్నవారే మరూన్లు. తూర్పున బ్లూ మౌంటెన్స్‌లో నానీ, పడమట కాక్‌పిట్ కంట్రీలో కుజో వాళ్లకు నాయకులు. కాక్‌పిట్ అంటే కోడిపందేల బరి. సున్నపురాతి గుట్టల నడుమ గిన్నెల్లా దిగిన గుంటలను చూసి తెల్లవాళ్లు పెట్టిన పేరది. గోదావరి జిల్లాలవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు. ఆ బరిలోకి దిగిన సైన్యం గెలవలేక 1739లో కుజోతో సంధి చేసుకుంది.

ఒకప్పుడు కనీసం ఏడు పారిష్‌లలో, అంటే అక్కడి జిల్లాల్లో, ఎగిరిన హోమరస్ నేడు మిగిలింది సరిగ్గా ఆ రెండు చోట్లే. బానిసల యజమానులు చొరబడలేని తేమ లోయల్లోకి చెరకూ చొరబడలేదు. అక్కడి వాటర్ మహో చెట్టు ఆకుల మీదే ఈ చిలుక గుడ్లు పెడుతుంది. కొండవాలుల మీద కాఫీ, ఆ తర్వాత పైన్ తోటలు అడవిని కొంత మింగాయి. ఎండబెట్టి అద్దాల పెట్టెల్లో పెట్టుకునేవాళ్ల బెడద వేరు. ఇప్పుడు వీటి అంతర్జాతీయ వ్యాపారం నిషిద్ధం.

తూర్పు కొండలకు 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చింది, అడవితోపాటు మరూన్ల చరిత్రనూ లెక్కలోకి తీసుకుని. పడమటి గుంటల నేలలో బాక్సైట్ ఉంది. 2017లో ప్రభుత్వం అక్కడ తవ్వకాలకు వీల్లేని హద్దు ప్రకటించింది. ఆ గీత ఇంకా బయటికి జరగాలని మరూన్లు పట్టుబడుతున్నారు.