మన్యపు చెట్టు – మైదానపు తక్కెడ



వంటయింట చింతపండు నానవేయునపుడు ఆ పులుపు ఏ కొండపై పుట్టినదో, ఎన్ని చేతులు మారి, ఎన్ని తక్కెడల కెక్కి తన కుండలోనికి వచ్చినదో విచారించు గృహస్థు లరుదు. చరిత్రమనగా రాజుల పట్టాభిషేకములును యుద్ధములును మాత్రమే యని లోకమున నొక వాడుక కలదు. కాని సరకు నడచిన త్రోవయు చరిత్రమే. ఆ త్రోవలో ఎవని కెంత దక్కినదో లెక్క చూచినయెడల ప్రజ లేల శాంతముగ నుండిరో, ఏల తిరుగబడిరో బోధపడును. కావున నేటి ప్రసంగమునకు గోదావరి, విశాఖపట్టణ మన్యములలోని చెట్ల సరకుల వర్తకచరిత్రమును విషయముగా గైకొంటిని.

చెట్టు వలన ధనము పుట్టునను సంగతి మన పూర్వులకు క్రొత్త గాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ద్వితీయాధికరణమందు కుప్యాధ్యక్షుడను నధికారి చెప్పబడినాడు. కలప, వెదురు, తీగలు, నార, ఆకులు, రంగుపూవులు, ఓషధులు మున్నగు వానిని అడవినుండి తెప్పించి కర్మశాలలలో వస్తువులుగా మార్పించుట యతని పని. మన తెలుగుదేశమున కాకతీయ గణపతిదేవుడు 13వ శతాబ్దిలో మోటుపల్లి రేవునందు అభయశాసనము వేయించెను. అందు చందనము, కర్పూరము, మిరియాలు, పోకలు మున్నగు సరకులపై తీసికొనవలసిన సుంకము లేర్పరుపబడినవి. ఓడ పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన సొత్తును రాజు హరింపడనియు అందు అభయ మీయబడినది. ఎంత ధర్మబుద్ధి! అయినను ఒక్క విషయము గమనింపుడు. ఆ శాసనమున రాజునకు రావలసినది కలదు, వర్తకునకు రక్షణ కలదు. చెట్టెక్కి కాయ దులిపినవాని మాట లేదు. సరకుల చరిత్రమంతయు నించుమించుగా నీ తీరుననే వ్రాయబడినది.

ఇక మన్యమునకు వత్తము. చింతపండు, కరక్కాయ, కుంకుడు, సీకాయ, నల్లజీడి, చిల్లగింజ, తేనె, మైనము, తపసిబంక, అడ్డాకు, ఇప్పపూవు, కొండచీపురు – ఇవి కొండలనుండి దిగు ముఖ్యమైన సరకులు. వీనిని మనము అడవిసరకు లందుము. ఆ మాట సగము మాత్రమే నిజము. చింత, పనస, జీలుగు, ఇప్ప తరచుగా ఊరి పొలిమేరను, పొలపు గట్టున, పోడు నడుమ నుండును. పోడు నరకునపుడు కొండవాడు తక్కిన చెట్లను కొట్టియు వీనిని మాత్రము విడిచిపెట్టును. క్రింద సామయు రాగియు, పైన చింతయు నిప్పయు. ఒకటి తప్పిన నొకటి కడుపు నింపును. వానలు కురియని యేట చేను మాడినను చెట్టు కాయును. ఇది వారి సేద్యమేగాని అడవి కాచిన వెన్నెల గాదు.

అయినచో ఇట్టి యాస్తి గలవాడు పేదవాడేల యయ్యెను? దీనికి సమాధానము సంతలో దొరకును.

కొండవానికి కొనవలసిన వస్తువులు కొన్నియే: ఉప్పు, బట్ట, ఇనుము, పొగాకు. వీనిలో ఉప్పు లేనిదే దినము గడువదు. కొండమీద నది పుట్టదు. ఉప్పు తెచ్చిన వర్తకుడు చెప్పినదే ధర. పూర్వము రూకలతో బేర మరుదు. మానికకు మానిక, కుంచమునకు కుంచము మార్చుకొనుటయే వాడుక. ఆ మానిక యెవరిది? వర్తకునిది. పుచ్చుకొను కొలత యొకటి, ఇచ్చు కొలత వేరొకటి యైనచో కొండవాడు కనిపెట్టుట యెట్లు? ఇది మొదటి చిక్కు. రెండవది బయానా. ఆషాఢ శ్రావణములలో గాదె యడుగంటును. చింతపండు రాలుట మాఘ ఫాల్గునములలో. నడుమ నున్న ఆకలినెలలలో షావుకారు బియ్యమిచ్చి, రాబోవు పండును ముందుగానే వ్రాయించుకొనును. మూడవది త్రోవ. బరువు మోసికొని ఘాటు దిగి వచ్చినవాడు, ధర కుదరలేదని మరల బరువుతో ఘాటెక్కజాలడు.

ఈ మూడు చిక్కులును కలిసినపు డేమగునో ఒక లెక్క వేసి చూతము. ఒకడు శ్రావణమున 5 రూపాయల బియ్యము తీసికొనెననుకొనుడు. పట్టణపు బజారులో చింతపండు మణుగు 2 రూపాయలు పలుకుచున్నదనుకొనుడు. న్యాయముగా రెండున్నర మణుగులతో ఋణము తీరవలెను. కాని ధర కట్టువాడు అప్పిచ్చినవాడే గావున మణుగు ఒక రూపాయిగా కట్టును. అసలే 5 మణుగు లయ్యెను. తూకములో మణుగునకు నాలుగవవంతు మొగ్గు లాగిన 6 మణుగులు దాటెను. ఇంకను వడ్డీమాట యెత్తలేదు. చెట్టు కాచినదంతయు నిచ్చియు వాడు మరల శ్రావణమునకు ఋణస్థుడే. ఇది లెక్కకై చెప్పిన యుదాహరణము. అనుభవము దీనికన్న ఘోరముగ నుండెను. హెమింగ్వే దొర 1907లో ప్రకటించిన గోదావరి మండల గెజెటీరునందు, ఒక వర్తకుడు 5 రూపాయల అప్పునకు 100 రూపాయల విలువగల పశువులను పంటను తోలుకొనిపోయినట్లు చెప్పబడినది.

ఈ సంగతి 1879వ సంవత్సరపు రంపపితూరీకి సంబంధించినది. ఆ పితూరీకి ముఖ్యకారణమును చెట్టే. కొండవాడు తన జీలుగుచెట్టు, తాటిచెట్టు కల్లును తన యింటికి తాను గీచుకొని త్రాగుట యనాదిగా వచ్చిన వాడుక. ఆకలినెలలలో నది వానికి పానమేగాక ఆహారమును. క్రొత్త ఆబ్కారీ యేర్పాటుచే ఆ కల్లు గుత్తదారుల పాలయ్యెను. దానిపై రంప మనసబుదారు చిగురుపన్నను పేర తన వసూలు తాను చేసెను. తన చెట్టునుండి తాను త్రాగుటకు ఇద్దరికి ధనమీయవలసివచ్చెను. దీనికి మైదానపు షావుకార్ల దావాలు తోడయ్యెను. న్యాయస్థానము దూరము, భాష తెలియదు, పత్రమున నేమి వ్రాసిరో తెలియదు. తీర్పు మాత్రము ఇంటికి వచ్చి పశువులను తోలుకొనిపోవును. 1879 మార్చిలో చోడవరపు ప్రాంతమున పితూరీ లేచెను. కారము తమ్మన్నదొర, అంబుల్రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య మొదలగువారు నాయకులైరి. అది గొలుగొండకును భద్రాచలమునకును ప్రాకెను. 1880లో చంద్రయ్యయు తమ్మన్నదొరయు హతులైరి. ప్రభుత్వమువారు సేనలతో నణచి, పిమ్మట మనసబుదారుని తొలగించి, ముఠాదారులతో తామే యేర్పాటు చేసికొనిరి. కల్లుపన్ను పోయెను, షావుకారు పోలేదు.

అటు పిమ్మట త్రోవ వెడల్పయ్యెను. 1852 నాటికి పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్టవలన డెల్టా ధనవంతమై అచ్చటి మూలధనము పెట్టుబడికై కొండలవైపు చూచుచుండెను. 1900లో గోదావరిపై హేవలాకు వంతెన తెరువబడి, కొండసంతకును మదరాసు, కలకత్తా రేవులకును రైలు అతికెను. తోళ్లు పదును చేయుటకు కరక్కాయ సీమకు ఎగుమతి యగుచుండెను. గిరాకి పెరిగినయెడల పుట్టినచోట ధర పెరుగవలెనని మన మనుకొందుము. అట్లు జరుగలేదు. ఏలయన 1882వ సంవత్సరపు మదరాసు అడవిచట్టముచే అడవు లనేకములు ప్రభుత్వపు రక్షితములయ్యెను. సరకు నేరు హక్కును వేలమువేసి గుత్తదారుల కిచ్చు పద్ధతి వచ్చెను. ఒక్కడే కొనువాడున్నచో అమ్మువానికి బేరమేది? ఏరువాడు, గుత్తదారుని మనిషి, గుత్తదారు, పట్టణపు కమీషను వర్తకుడు, మిల్లు లేక ఓడ – ఇట్లు మెట్లు పెరిగినవి; అడుగుమెట్టు మాత్రము అడుగుననే యుండెను.

ప్రభుత్వమువారు దీని నెరుగకపోలేదు. 1917లో ఏజెన్సీ వడ్డీ, భూబదిలీ చట్టమును చేసిరి. వడ్డీ నూటికి 24కు మించరాదు, వడ్డీ మొత్తము అసలును దాటరాదు, కొండవాని భూమి అనుమతి లేక ఇతరులకు చెల్లదు – ఇది దాని సారము. మంచి చట్టమే. కాని వడ్డీని పత్రముపై వ్రాయనేల? పైని లెక్కలో చూచితిమి గదా, అది ధరలోనే దాగియుండును. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడనుట యిట్టిచోటనే. ఇంతలో నర్సీపట్టణమునుండి చింతపల్లివైపు రోడ్లు వేయించిరి. సరకు దిగుటకును అధికారి యెక్కుటకును రోడ్డు కావలెను. దానిని త్రవ్వినవారికి మాత్రము కూలి సరిగా ముట్టలేదు. పోడుపై నిషేధము, అడవి నౌకర్ల బాధ, ఈ కూలి యన్యాయము కలసి 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు నాయకత్వమున చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల ముట్టడిగా పరిణమించెను. 1924 మే 7వ తేదీన ఆయన వీరమరణము నొందినాడు. ఆ కథ మీకందరకు తెలిసినదే గావున విస్తరింపను.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట జరిగిన యత్నములలో ముఖ్యమైనది 1956లో విశాఖపట్టణము కేంద్రముగా నేర్పడి, తరువాత గిరిజన సహకార సంస్థ యను పేర ప్రసిద్ధమైన సంస్థ. సరకును నిర్ణీతమైన ధరకు కొనుట, ఉప్పు, బియ్యము, కిరసనాయిలు డిపోలలో నిచ్చుట దాని పనులు. ఉప్పు నిచ్చువాడును, పండు కొనువాడును షావుకారు కానియపుడు పాత ముడిలో ఒక పోగు తెగినట్లే. 1979లో చేసిన నిబంధనచే షెడ్యూలు ప్రాంతములలో నీ సరకులను కొను ప్రత్యేకాధికార మా సంస్థకే యీయబడినది. దీనివలన రక్షణ కలిగినది. కాని కొనువాడు మరల నొక్కడే యయ్యెనను విమర్శయు పుట్టినది. సంస్థధర సంతధరకంటె తక్కువైనచో నేరువాడేమి చేయవలెను? ఈ ప్రశ్నకు 1996లో పార్లమెంటు చేసిన షెడ్యూలు ప్రాంతముల పంచాయతీ చట్టమును, 2006వ సంవత్సరపు అటవీహక్కుల చట్టమును ఒక దారి చూపినవి. చిన్న అటవీసరకు సర్కారుది గాదు, గుత్తదారుది గాదు, అచ్చటి జనులదే యని వాని తాత్పర్యము. మోటుపల్లి శాసనమున లేని పేరు ఇన్ని శతాబ్దములకు చట్టమున కెక్కినది.

అయినను హక్కు వేరు, విలువ వేరు. చింతకాయను చూడుడు. కొట్టిన కాయ కొట్టినట్లమ్మిన నొక ధర. పెచ్చు తీసిన నొక ధర. ఈనెయు గింజయు తీసి ముద్దకట్టిన నంతకు మిక్కిలి ధర. పారవేయు గింజయు వ్యర్థము గాదు. దాని పిండి నూలుమిల్లులలోను గోనెమిల్లులలోను గంజికి పనికివచ్చును. ఈ పనులలో ఏదియు కొండయింట జరుగరానిది కాదు. ఆరబెట్టు కళ్లము, తడి సోకని కొట్టు, నమ్మదగిన త్రాసు, శ్రావణమున షావుకారుగడప త్రొక్కనక్కరలేని చిన్న అప్పు – ఈ నాలుగు నున్నచో చాలును.

దీనికి పాడేరు, అరకు ప్రాంతముల కాఫీ ప్రత్యక్షసాక్ష్యము. 19వ శతాబ్ది తుది దినములలో ఆంగ్లేయులు తెచ్చిన యీ మొక్కను నేడు గిరిజనరైతులు సిల్వరుఓకు చెట్ల నీడను పెంచి, ఆ చెట్లకే మిరియపుతీగ ప్రాకింతురు. ఒకే నేలపై నీడ, గింజ, మిరియము, కలప! 2019లో అరకు కాఫీకి భౌగోళికగుర్తింపు లభించినది. కాని పండును పండుగనే యమ్మువానికిని, తోలు తీసి కడిగి యెండబెట్టి యమ్మువానికిని నడుమ లాభమున చాల వ్యత్యాసము కలదు. చింతపండునకు చెల్లిన న్యాయమే కాఫీకిని చెల్లును.

పెద్దలారా, మన గ్రామములలోను గట్టుమీద చింతలు, తాళ్లు, కుంకుళ్లు కలవు. వానిని పూత దశలోనే గుత్తకిచ్చివేయుట మనకును వాడుకయే. కొండవాని కథను దూరపు కథగా వినవలదు. చెట్టును అమ్ముటకు ముందు కాయను లెక్కింపుడు. కాయను అమ్ముటకు ముందు కొలత నెవరు పట్టినారో చూడుడు. అవసరమున్ననాడు గాక, ధరయున్ననాడు అమ్ముటకు పదిమంది కలసి యొక కొట్టు కట్టుకొనుడు. సంతలో కొండవాడు గంప దింపినపుడు మీరును కొనువారే యను మాట మరువకుడు. ఆ తక్కెడ పట్టునపుడు మన చేయి యెటు మొగ్గునో, రాబోవు చరిత్రమున నటులే వ్రాయబడును.