పాత ఇంటి గోడకు కొత్త పూత: సిమెంట్‌తో వచ్చే చిక్కేమిటి?

తాతల నాటి ఇంటికి మరమ్మతు అనగానే ముందు దృష్టి పడేది బయటి గోడ మీదే. పెచ్చులూడిన పూతను గీకేసి సిమెంట్ పూయించడం, లేదంటే ముఖభాగానికి టైల్స్, రాతి పలకలు, ప్యానెళ్లు అతికించడం ఇప్పుడు సాధారణమైంది. కొత్తలో ఇల్లు మెరిసిపోతుంది. కొన్ని వర్షాకాలాలు గడిచాక మాత్రం లోపలి గోడలకు చెమ్మ ఎక్కడం, రంగు పొరలుగా లేవడం, ఉప్పు తేలడం మొదలుకావచ్చు. తప్పు మేస్త్రీ పనితనంలోనే ఉండాలని లేదు. పాత గోడ స్వభావానికి కొత్త పూత సరిపడకపోయినా ఇదే జరుగుతుంది.

పాత గోడ తీరు వేరు

పోర్‌బందర్‌లో 1914లో సిమెంట్ ఉత్పత్తి మొదలైన తర్వాత కూడా దేశంలో ఇళ్లను చాలాకాలం సున్నంతో, మట్టితోనే కట్టుకున్నారు. గోదావరి జిల్లాల మండువా లోగిళ్లు, తమిళనాడులోని చెట్టినాడు భవంతులు, గోవా, కేరళల్లోని పాత లేటరైట్ ఇళ్లు ఆ కోవలోవే.

సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చి, నీటితో విరిస్తే తడి సున్నం తయారవుతుంది. గోడకు పూశాక అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మెల్లగా తిరిగి రాయిలా గట్టిపడుతుంది. అయినా అందులో సన్నని రంధ్రాలు మిగులుతాయి. పాత ఇళ్ల పునాదుల్లో చెమ్మను అడ్డుకునే పొర చాలావరకు ఉండదు. నేల నుంచి గోడలోకి ఎక్కిన తేమ ఆ రంధ్రాల గుండానే ఆవిరై పోతుంది.

సిమెంట్ మూతపెడితే

సిమెంట్ పూత దట్టమైనది, బిరుసైనది. తేమ బయటకు పోయే దారిని అది చాలావరకు మూసేస్తుంది. దాంతో చెమ్మ గోడలో ఇంకా పైకి ఎక్కుతుంది, లేదా ఇంటి లోపలి వైపు తేలుతుంది. నీటితో వచ్చిన లవణాలు పూత వెనకే స్ఫటికాలుగా మారి ఇటుకను పొడిపొడిగా రాలుస్తాయి. గోడలో దిగిన దూలాల చివరలు కుళ్లిపోతాయి, చెదలకూ అనువవుతాయి. పైకప్పు బరువు మోసేది ఆ చివరలే కాబట్టి ఇది అందానికి పరిమితమైన సమస్య కాదు.

ఎండకు, వానకు మెత్తని పాత గోడ, బిరుసైన సిమెంట్ ఒకేలా సాగవు, కుంచించుకోవు. పూతకు పగుళ్లు వస్తాయి. వాటిలోంచి దిగిన వాననీరు తిరిగి బయటకు రాలేదు.

అందుకే పాత కట్టడాల సంరక్షణలో పాటించే సూత్రం ఒకటుంది: పూత గోడకన్నా మెత్తగా ఉండాలి. అరిగేది, రాలేది పూతే కావాలి, గోడ కాదు. అస్సాం తరహా ఇళ్లలోనూ ఇలాంటి తర్కమే కనిపిస్తుంది. బరువు మోసేది కొయ్య చట్రం. మధ్యలో ఇక్రా రెల్లు తడికలు కట్టి పూత పూస్తారు. ఒక భాగం పాడైతే దాన్నే మార్చుకోవచ్చు.

పూతకు ముందు

మొదట చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోవాలి. కారే చూరు, పగిలిన గొట్టం, గోడ మొదట్లో నిలిచే నీరు, వీధి ఎత్తు పెరిగి పల్లమైన వాకిలి, వీటిని సరిచేయకుండా ఏ పూత వేసినా నిలవదు. ఆ తర్వాత గోడను తట్టి చూడాలి. బోలు శబ్దం వచ్చిన చోటే పూత తీసేస్తే చాలు, గట్టిగా ఉన్నదాన్ని పెకలించనక్కర్లేదు. పాత సిమెంట్ పూత బలంగా పట్టుకుని ఉంటే దాన్ని ఊడదీయడంలో ఇటుకలే దెబ్బతినవచ్చు. ముందు చిన్న భాగంలో ప్రయత్నించి చూడటం మంచిది.

సున్నం పూత పద్ధతి

నిర్మాణ సున్నానికి ఐఎస్ 712 ప్రమాణం ఉంది. అందులో ‘సి’ తరగతి సున్నం ముగింపు పూతకు, వెల్లకు వాడేది. అడుగు పూతలో ఇసుకతో పాటు ఇటుక పొడి కలపడం పాత పద్ధతి. దక్షిణాదిలో కరక్కాయ, బెల్లం నీళ్లూ కలిపేవారు. గోడను ముందు తడిపి, పలుచని పొరలుగా పూయాలి. ఒక పొర గట్టిపడ్డాకే మరొకటి వేయాలి. ఎండ నేరుగా తగలకుండా తడి గోనె పట్టాలు కప్పాలి. కుండపోత వానలు, మండుటెండలు లేని కాలం ఈ పనికి అనుకూలం. పైన ప్లాస్టిక్ రంగు వేస్తే సున్నం పూసిన ప్రయోజనం పోతుంది, వెల్లే సరైనది. పొడి సున్నం నీటితో కలిసినప్పుడు విపరీతమైన వేడి పుడుతుంది కాబట్టి కళ్లకు, చేతులకు రక్షణ తప్పనిసరి.

ప్యానెళ్లు పెట్టాలనుకుంటే

వాటిని గోడకు నేరుగా అతికించకుండా చట్రం మీద బిగించి, వెనక గాలి ఆడేలా కిందా పైనా సందు వదలాలి. చట్రం మేకులను పాత గోడ మోయగలదో లేదో ఇంజనీరుకు చూపించాలి. అల్యూమినియం ప్యానెళ్ల మధ్య పొర పాలిథిలిన్‌దైతే మంటలు వేగంగా పాకుతాయి. 2017లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మంది చనిపోయిన అగ్నిప్రమాదంలో మంటలు వ్యాపించడానికి అలాంటి తొడుగే ప్రధాన కారణమని విచారణ తేల్చింది.

సున్నం పనికి రోజులు ఎక్కువ పడతాయి, తెలిసిన మేస్త్రీలు తక్కువ. కూలి ఖర్చూ పెరగొచ్చు. ధరలు పోల్చేటప్పుడు పూత ఖర్చు ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. సరిపడని పూతను తీసేయడం, రాలిన ఇటుకలు మార్చడం, కుళ్లిన దూలాల కింద ఊతలు పెట్టడం కూడా ఆ లెక్కలోకే వస్తాయి.