విడిది

ఏప్రిల్ వచ్చేసరికి రాజమహేంద్రవరం గోడల మీద సమ్మర్ క్యాంపుల పోస్టర్లు పడతాయి. పత్రికల భాషలో అవి వేసవి శిక్షణ శిబిరాలు. గ్రంథాలయాలవాళ్ళు నడిపేవి వేసవి విజ్ఞాన శిబిరాలు. శిబిరం సంస్కృతం నుంచి వచ్చింది. దండు దిగినచోటు, రాజు గుడారం దాని పాత అర్థాలు. రక్తదానానికీ కంటి పరీక్షలకీ ఆ మాట చక్కగా కుదిరింది. పిల్లల వేసవికి మాత్రం అది నాకెప్పుడూ అతికినట్టుండదు. దానికన్నా దగ్గరి మాట మనకుంది, విడిది.

విడిది ఇప్పుడు ముఖ్యంగా రెండు చోట్ల వినిపిస్తుంది. ఊటీనీ అరకునీ వేసవి విడిది అంటాం. పెళ్ళిలో మగపెళ్ళివారికి ఆడపెళ్ళివారు చూపించే ఇల్లు విడిది. కోనసీమ పల్లెల్లో వైశాఖ జ్యేష్ఠాల పెళ్ళిళ్ళకి చాలాసార్లు ఊరి బడే విడిది అయ్యేది. సెలవులు కదా, గదులు ఖాళీ. బెంచీలు గోడవారకి జరిపి జంపఖానాలు పరిచేవారు. ఏడాదంతా ఎక్కాలు వల్లించిన గదిలో ఎవరో పెద్దాయన తువ్వాలు తలకింద పెట్టుకుని గుర్రు పెడుతుంటే, కిటికీలోంచి చూసిన పిల్లలకి ఆ బడి మళ్ళీ పాత బడిలా కనిపించేది కాదు.

ఈ మాటతో కలిసి నడిచే క్రియలు చూడండి. విడిది ఇస్తారు, విడిది దిగుతారు. శిబిరాన్ని నిర్వహిస్తారు. నిర్వహించడానికి ఒక సంస్థ చాలు. విడిదికి ఇచ్చేవాడొకడు, దిగేవాడొకడు కావాలి.

దీని మూలం విడియు. పాత తెలుగులో సేనలు ఏటి ఒడ్డున విడిసేవి, అంటే ఆగి మకాం వేసేవి. దాని వెనక ఉన్నది విడు, వదలడం. వదలడం అనే ధాతువులోంచి ఉండడం అనే అర్థం ఎలా పుట్టింది? నాకు తోచే జవాబు ఎద్దుబండి దగ్గరుంది. బండి ఆగిందనడానికి గుర్తు కాడి విప్పడం. ఎద్దుల మెడ వదులయ్యాక మూటలు విప్పుతారు, తలపాగా విప్పుతారు, పొయ్యి పెడతారు. కట్టినవన్నీ విడిచినచోటే విడిది. పొరుగు భాషల్లోనూ ఈ జంట అర్థాలున్నాయి. తమిళంలో విడుది అంటే హాస్టలు, విడుముఱై అంటే సెలవు. వీడు అంటే ఇల్లు, మోక్షం కూడా. కన్నడంలో బిడు అంటే వదులు, బీడు అంటే మకాం. చాళుక్యుల కన్నడ శాసనాల్లో రాజు కొలువున్నచోటు నెలెవీడు. మన ప్రాచీన కవులకి వీడు అంటే పట్టణం. కొండవీడు ఆ పేరుతోనే నిలిచింది.

ఈ కుటుంబంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట ఆటవిడుపు. వీధిబడుల నాటి మాట, ఆడుకోవడానికి వదలడం. సెలవు వేరు. సెలవులో అనుమతి ఉంది. సెలవిప్పించమని అడగాలి, ఒకరు ఇవ్వాలి, లెక్క రాసుకోవాలి. విడుపులో ముడి ఊడడం ఉంది. కట్టుతాడు విప్పగానే దూడ గెంతులేస్తుందే, అది విడుపు.

గోదావరి డెల్టాలో ఈ విడుపు పిల్లలకే కాదు, నేలకీ ఉండేది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేశాక, ఇక్కడి బతుకు కాలువల పంచాంగం మీద నడుస్తోంది. ఇప్పుడున్న బ్యారేజీ 1982లో పూర్తయింది. దాని కింద సుమారు 10 లక్షల ఎకరాలు. తొలి పంట సార్వా అయ్యాక రెండో పంట దాళ్వా. దాళ్వా కోతలయ్యాక ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు. అంతకుముందే ఊరి మంచినీటి చెరువులు నింపుకోవాలి. మళ్ళీ జూన్‌లో నీళ్ళు వదులుతారు. బడి సెలవులూ ఏప్రిల్ ఆఖరి వారం నుంచి జూన్ రెండో వారం దాకానే. కాలువ కట్టేసినన్నాళ్ళే పిల్లలకి విడుపు! చేలన్నీ ఖాళీ. గట్లు చూసుకుని నడవక్కర్లేదు, మోళ్ళు తొక్కుకుంటూ అడ్డంగా పడి పక్క ఊరు పోవచ్చు. పశువుల్నీ అలాగే వదిలేసేవారు. కాలువ అడుగున మిగిలిన మడుగుల్లో బురద కలిపి చేపలు పట్టడం ఆ రోజుల్లో ఎవరూ నేర్పని విద్య.

మా సెలవులకి నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లిలో దిగితే చాలు, అమ్మమ్మగారి ఊరు వచ్చేసినట్టే. దిగీ దిగగానే ముంజకాయలు. గెల నరికి దించి, కాయ తల చెక్కి ఇస్తే బొటనవేలు గుచ్చి మూడు కళ్ళూ తినేసేవాళ్ళం. నీళ్ళు మోచేతుల దాకా కారేవి. అసలు పని ఆ తర్వాత. ఒకే సైజు బుర్రలు రెండు ఏరి, వాటి నడుమ చిన్న పుల్ల ఇరుసుగా గుచ్చి, చివర పంగ ఉన్న కర్రతో ఆ పుల్లని తోస్తే బండి. బుర్ర ముదిరితే పుల్ల దిగదు, మరీ లేతదైతే సాయంత్రానికి నలిగిపోతుంది. ఆ మధ్యరకాన్ని చేత్తో నొక్కి పోల్చుకోవాలి. నేల, చెట్టు, కాయ గురించి నాకు తెలిసిన దాంట్లో చాలాభాగం ఆ నొక్కడంలోంచే వచ్చింది.

పట్నాల్లో స్థిరపడిన మా వయసువాళ్ళు ఇప్పుడు పిల్లల్ని తీసుకుని దిండి రిసార్టుకి వస్తున్నారు, హౌస్ బోట్ ఎక్కుతున్నారు. ఆ వేసవుల మీది బెంగ నిజమైనది, నాకూ ఉంది. అయితే గదికి డబ్బు కట్టినచోట దిగామంటాం గాని, విడిది ఇచ్చారని అనం. పైగా విడుపు ఇచ్చే నేలే తగ్గిపోయింది. భీమవరం, ఉండి, పేరులోనే వీడు ఉన్న ఆకివీడు వైపు వరిచేలు చాలావరకు చేపల చెరువులూ రొయ్యల చెరువులూ అయ్యాయి. మే నెలలోనూ వాటిలో నీళ్ళుంటాయి, రాత్రంతా ఏరియేటర్లు తిరుగుతూనే ఉంటాయి. పిల్లలు అడ్డంగా పడి పోవడానికి అక్కడ దారి లేదు. రైతుని తప్పుపట్టలేను, వరి మీద మిగలనిది అతనికి రొయ్య మీద మిగిలింది. కానీ ఆ నేలకి ఆటవిడుపు పోయింది, దానితోపాటు పిల్లలకీ.

ఆ విడుపు లంకల్లో ఇంకా ఉంది. ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలిన గోదావరి మధ్య ఎన్నో లంకలున్నాయి. ఎండాకాలం నీరు తీశాక ఇసుక తేలుతుంది. దోస, పుచ్చ పాదులు పెట్టేవాళ్ళున్నారు, కాపలాకి తాటాకు పాకలు వేసుకుంటారు. వేసవి విజ్ఞాన శిబిరం నడిపే గ్రంథాలయాలవాళ్ళు ఒక్క వారం పుస్తకాలు మూసి, ఏదో ఒక లంక రైతు దగ్గరికి వెళ్ళి, మా పిల్లలకి విడిది ఇస్తారా అని అడగాలి. ఈదడం వచ్చిన పెద్దవాళ్ళు ఇద్దరు వెంట ఉంటే చాలు. గోదావరి జిల్లాల్లో ఇంటికొచ్చి అలా అడిగినవాళ్ళని కాదని పంపేవాళ్ళు తక్కువ.