దీక్ష, సేవ, గుర్తింపు: ఇంగ్లండ్‌లోని భక్తివేదాంత మేనర్‌లో పాశ్చాత్య వైష్ణవుల స్థానం (1968–1996)

ప్రవేశిక

ఆలయంలో ఎవరికి ఎంతవరకు ప్రవేశం ఉండాలన్న ప్రశ్న భారతీయ సమాజానికి కొత్తది కాదు. 20వ శతాబ్దపు పూర్వార్ధంలో ఆ ప్రశ్న ప్రధానంగా కులం చుట్టూ తిరిగింది. 1936 నాటి తిరువాన్కూరు ప్రకటన, 1947 నాటి మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం దానికి ప్రభుత్వాలు చెప్పిన సమాధానాలు. మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న ఆంధ్ర జిల్లాల ఆలయాలకు కూడా ఆ చట్టం వర్తించింది. శతాబ్దపు ఉత్తరార్ధంలో అదే ప్రశ్న మరొక రూపంలో ముందుకు వచ్చింది. హిందూ కుటుంబంలో జన్మించని పాశ్చాత్యుడు వైష్ణవ దీక్ష పొంది, నామం మార్చుకొని, అర్చన నేర్చుకుంటే ఆలయ సమాజంలో అతని స్థానం ఏమిటి? ఆ స్థానాన్ని నిర్ణయించవలసినవారెవరు: గురువా, పుట్టుకతో హిందువులైన భక్తులా, ప్రభుత్వమా?

ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో ఉన్న భక్తివేదాంత మేనర్ చరిత్ర ఈ ప్రశ్నను పరిశీలించడానికి అనువైన ఆధారం. అక్కడి పాశ్చాత్య వైష్ణవులకు దీక్ష ద్వారా సంప్రదాయంలోను, సేవ ద్వారా ఆలయంలోను స్థానం లభించింది. విస్తృత హిందూ సమాజపు గుర్తింపు మాత్రం స్థల వినియోగానికి సంబంధించిన ఒక సుదీర్ఘ వివాదంలో వారు తీసుకున్న వైఖరి వల్ల స్థిరపడిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

సిద్ధాంత భూమిక

పాశ్చాత్యులకు దీక్ష ఇవ్వడం 1960వ దశకంలో అకస్మాత్తుగా పుట్టిన ఆలోచన కాదు. దాని మూలాలు గౌడీయ వైష్ణవంలోనే ఉన్నాయి. 1510 ప్రాంతంలో దక్షిణ యాత్ర చేస్తూ శ్రీచైతన్యుడు గోదావరి తీరంలో రామానందరాయలను కలుసుకొన్నాడు. రామానందరాయలు గజపతి ప్రతాపరుద్రుని పక్షాన రాజమహేంద్రవర ప్రాంతాన్ని పాలించిన అధికారి, బ్రాహ్మణేతరుడు. ఆ సంవాదంలో సన్యాసి ప్రశ్నించగా గృహస్థు తత్త్వం చెప్పాడు. కృష్ణతత్త్వం ఎరిగినవాడు ఏ వర్ణానికి, ఏ ఆశ్రమానికి చెందినవాడైనా గురుత్వానికి అర్హుడన్న అభిప్రాయాన్ని కృష్ణదాస కవిరాజు తన ‘చైతన్య చరితామృతం’లో ఈ సందర్భంలోనే నమోదు చేశాడు. ఈ సమాగమ స్థలంగా సంప్రదాయం గుర్తించే కొవ్వూరులో నేటికీ గౌడీయ మఠం ఉంది.

సిద్ధాంతం ఉన్నంత మాత్రాన ఆచరణ దాన్ని అనుసరించలేదు. ముస్లిం కుటుంబంలో జన్మించిన హరిదాస ఠాకూరు శ్రీచైతన్యుని అత్యంత సన్నిహిత భక్తులలో ఒకడు. అయినప్పటికీ పూరీలో జగన్నాథాలయంలోకి వెళ్ళక, వెలుపలే ఉండి నామజపం సాగించాడు. సిద్ధాంతం చెప్పిన సమత్వానికీ ఆలయ ద్వారం వద్ద అమలైన నియమానికీ మధ్య ఉన్న ఈ దూరం తరువాతి శతాబ్దాలలోను కొనసాగింది.

20వ శతాబ్దంలో భక్తిసిద్ధాంత సరస్వతి ఈ దూరాన్ని తగ్గించే ప్రయత్నం చేశారు. 1911లో మేదినీపూర్ జిల్లా బాలిఘాయి సభలో ఆయన బ్రాహ్మణ్యానికి జన్మను ప్రమాణంగా చూపే వాదాన్ని ఖండించారు. తరువాత బ్రాహ్మణేతర శిష్యులకు కూడా యజ్ఞోపవీతం ఇచ్చారు. 1933లో లండన్‌కు ప్రచారకులను పంపారు గాని, ఆ ప్రయత్నం అక్కడ విస్తృతంగా వేళ్ళూనుకోలేదు. ఆయన శిష్యుడైన ఎ. సి. భక్తివేదాంత స్వామి 1965లో అమెరికా చేరి, 1966లో న్యూయార్క్‌లో అంతర్జాతీయ కృష్ణచైతన్య సంఘాన్ని స్థాపించారు. మాంసం, మత్తుపదార్థాలు, జూదం, అక్రమ లైంగిక సంబంధం అనే నాలుగింటిని విడిచిపెట్టడం, నిత్యం 16 మాలల జపం చేయడం అక్కడ దీక్షకు నియమాలయ్యాయి. 1968 నుండి స్త్రీలకు కూడా గాయత్రీ మంత్రదీక్ష ఇచ్చి, అర్చనాధికారం కల్పించారు. అనేక సంప్రదాయ ఆలయాలలో భారతీయ స్త్రీకే లేని అధికారం పాశ్చాత్య స్త్రీకి లభించడం ఈ మార్పు తీవ్రతను తెలుపుతుంది.

లండన్‌లో తొలి ఆలయం

1968లో మూడు అమెరికన్ జంటలు గురువు ఆదేశం మేరకు లండన్ చేరాయి. వీరిలో ఎవరూ భారతీయ ఆలయ వాతావరణంలో పెరిగినవారు కారు. బీటిల్స్ బృంద సభ్యుడు జార్జ్ హారిసన్ సహకారంతో వీరు పాడిన హరేకృష్ణ మంత్రం 1969లో గ్రామఫోన్ రికార్డుగా వెలువడి, బ్రిటిష్ శ్రోతలలో విశేషంగా ప్రచారం పొందింది. అదే సంవత్సరం డిసెంబరులో బ్రిటిష్ మ్యూజియం సమీపంలోని బరీ ప్లేస్‌లో రాధా లండనీశ్వర విగ్రహ ప్రతిష్ఠ జరిగింది. అక్కడి పాలరాతి విగ్రహాలు లండన్‌లోని ఒక హిందూ కేంద్రం నుండి లభించాయి. భారతీయుల సంస్థ వద్ద ఉన్న మూర్తులు పాశ్చాత్యుల చేతుల మీదుగా నిత్యార్చనకు నోచుకొన్నాయి.

ఈ దశలో ఆలయ సమాజపు క్రమం తలక్రిందులుగా ఉంది. మందిరాన్ని నిలిపినవారు, వంటశాల నడిపినవారు, హారతి ఇచ్చినవారు మతంలోకి కొత్తగా వచ్చినవారు. తీర్థప్రసాదాల కోసం వచ్చిన భారతీయులు అతిథులు. పరంపరాగత హిందువుకు ఆచారం ఇంట్లో అబ్బుతుంది. దాని వెనుక శాస్త్రం తెలియకపోయినా లోటు ఉండదు. పాశ్చాత్య భక్తునికి ఇంటి ఆచారం లేదు కనుక, ప్రతి నియమాన్నీ గ్రంథం ద్వారాను, గురువు లేఖల ద్వారాను నేర్చుకొన్నాడు. తత్ఫలితంగా అతని ఆచరణలో కచ్చితత్వం హెచ్చుగాను, సడలింపు తక్కువగాను ఉండేది.

మేనర్, వలస కుటుంబాలు

బరీ ప్లేస్ మందిరం ఇరుకైనది. 1973లో హారిసన్ లెచ్‌మోర్ హీత్ గ్రామంలోని పిగట్స్ మేనర్ అనే భవనాన్ని కొని సంఘానికి ఇచ్చాడు. అది అంతకుముందు నర్సుల శిక్షణకు ఉపయోగపడిన భవనం. ఆ సంవత్సరం జన్మాష్టమినాడు అక్కడ రాధా గోకులానంద మూర్తుల ప్రతిష్ఠ జరిగింది. భవనానికి భక్తివేదాంత మేనర్ అన్న పేరు వచ్చింది.

అప్పటికి ఒక సంవత్సరం ముందు, 1972లో, ఈదీ అమీన్ ప్రభుత్వం ఉగాండా నుండి ఆసియా సంతతివారిని బహిష్కరించింది. 27 వేలకు పైగా ప్రజలు బ్రిటన్ చేరారు. వీరిలో గణనీయమైన భాగం గుజరాతీ హిందువులు. లెస్టర్ నగరంలోను, లండన్‌లోని వెంబ్లీ, హారో ప్రాంతాలలోను స్థిరపడిన ఈ కుటుంబాలకు విశాలమైన ఆలయాలు అప్పట్లో అరుదు. వాయవ్య లండన్‌కు చేరువలో ఉన్న మేనర్ వారికి సహజంగానే పుణ్యస్థలమయింది. జన్మాష్టమికి వచ్చే జనసంఖ్య వేల నుండి పదివేలకు పెరిగింది.

ఈ సంగమం ఇరుపక్షాల అవసరాలను తీర్చింది. వలస కుటుంబాలకు పిల్లలతో ఇంగ్లీషులో ధర్మం గురించి మాట్లాడగల అర్చకులు దొరికారు. పాశ్చాత్య భక్తులకు తమ ఆలయం వట్టి వింత వ్యవహారం కాదని సాక్ష్యం చెప్పే భక్తసమూహం దొరికింది. 1977లో స్థాపకాచార్యుని నిర్యాణం తరువాత సంఘం నాయకత్వ సంక్షోభంలో పడినప్పుడు ఈ కుటుంబాల ఆదరణ మరింత కీలకమయింది.

స్థల వివాదం

మేనర్‌కు ఉన్న అనుమతి ధార్మిక విద్యాలయ వినియోగానికి సంబంధించినది. ఇరుకు దారులున్న చిన్న గ్రామంలో పండుగ రద్దీ పెరగడంతో గ్రామస్థులు వాహనాల గురించి, శబ్దం గురించి ఫిర్యాదు చేశారు. 1983లో సందర్శకుల సంఖ్యను పరిమితం చేసే ఒప్పందం కుదిరినా సమస్య తీరలేదు. 1987లో హెర్ట్‌స్మియర్ స్థానిక మండలి, అనుమతిని మించి ఆ స్థలం బహిరంగ ఆరాధన కేంద్రంగా మారిందంటూ నోటీసు జారీ చేసింది. విచారణ అనంతరం 1990లో కేంద్ర మంత్రి ఆ నోటీసును సమర్థించాడు. న్యాయస్థానాలలో ఊరట లభించలేదు. యూరోపియన్ మానవ హక్కుల కమిషన్ 1994 మార్చిలో సంఘం ఫిర్యాదును విచారణార్హం కాదని తిరస్కరించింది. అదే నెలలో బహిరంగ ఆరాధనపై నిషేధం అమలులోకి వచ్చింది.

ఈ వివాదంలో ఒక అంశం ప్రత్యేకంగా గమనించదగింది. విద్యాలయ వినియోగానికి అనుమతి యథాతథంగా ఉంది. అంటే అక్కడ నివసించే దీక్షితులు చదువుకోవచ్చు, జపించుకోవచ్చు, తమ దేవుణ్ణి అర్చించుకోవచ్చు. నోటీసు ప్రధానంగా తాకినది వెలుపలి నుండి వచ్చే భక్తులను. వారిలో అత్యధికులు భారతీయ సంతతివారు. మేనర్ నివాసులు ప్రజారాధనను వదులుకొని ఉంటే వారి ఆశ్రమ జీవితానికి పెద్ద భంగం కలిగేది కాదు. వారు ఆ మార్గాన్ని ఎంచుకోలేదు. వలస కుటుంబాలతో కలిసి లండన్ వీధులలో ఊరేగింపులు జరిపారు, పార్లమెంటు సభ్యులకు వినతులు సమర్పించారు, న్యాయపోరాటం కొనసాగించారు.

1995లో మరొక బహిరంగ విచారణ జరిగింది. గ్రామాన్ని తప్పించి ప్రధాన రహదారి నుండి నేరుగా ఆలయానికి చేరే కొత్త దారి నిర్మాణంతో ముడిపెట్టి 1996 మేలో ప్రభుత్వం ప్రజారాధనకు అనుమతి ఇచ్చింది. మాలరీ నై 2001లో ప్రచురించిన గ్రంథం ఈ వివాదాన్ని బ్రిటన్‌లో బహుళ సంస్కృతుల సహజీవనానికి సంబంధించిన ముఖ్య ఉదాహరణగా పరిశీలించింది.

‘హిందువు’ అనే పేరు

భక్తివేదాంత స్వామి తన ఉద్యమాన్ని హిందూమతంగా పేర్కొనడానికి పలుమార్లు నిరాకరించారు. కృష్ణభక్తి ఒక దేశానికో జాతికో పరిమితం కాని ఆత్మధర్మమని ఆయన అభిప్రాయం. తొలితరం పాశ్చాత్య శిష్యులు ఆ వైఖరినే అవలంబించారు. మేనర్ పోరాటం వారిని భిన్నమైన స్థితిలో నిలిపింది. ఆలయం అవసరాన్ని నిరూపించడానికి బ్రిటన్‌లోని హిందూ జనాభా అవసరాలే బలమైన వాదమయ్యాయి. సిద్ధాంతరీత్యా దూరంగా ఉంచిన పేరును పౌరజీవితంలో స్వీకరించవలసి వచ్చింది. 2008లో హారోలో ప్రభుత్వ నిధులతో తొలి హిందూ పాఠశాలగా కృష్ణ అవంతి ప్రారంభమయినప్పుడు దాని ధార్మిక మార్గదర్శనం ఈ సంఘానిదే కావడం ఆ మార్పుకు కొనసాగింపు.

ఈ గుర్తింపుకు మూల్యం ఉంది. భారతీయ కుటుంబాల పాత్ర పెరిగిన కొద్దీ సంఘంలో పాశ్చాత్యుల నిష్పత్తి తగ్గింది. ఇ. బర్క్ రోచ్‌ఫర్డ్ అమెరికాలోని కేంద్రాలను పరిశీలించి ఇటువంటి పరిణామాన్నే వివరించారు. ఆతిథేయులుగా ఆరంభించినవారు తమ మందిరంలోనే అల్పసంఖ్యాకులయ్యారు.

భారతదేశంలో వారి స్థానం మరింత అనిశ్చితం. పూరీ జగన్నాథాలయం పాశ్చాత్య వైష్ణవులను నేటికీ అనుమతించదు. తిరుమలలో హిందువులు కానివారు స్వామిపై విశ్వాసాన్ని ప్రకటిస్తూ సంతకం చేసి దర్శనం చేసుకోవచ్చు. ఒకచోట జన్మ ప్రమాణం, మరొకచోట విశ్వాస ప్రకటన ప్రమాణం. భారత సర్వోన్నత న్యాయస్థానం 1970లో పెరుమాళ్ నాడార్ కేసులో, హిందూమతంలోకి మారడానికి శుద్ధి వంటి ప్రత్యేక కర్మ అనివార్యం కాదని, నిజాయితీ గల సంకల్పం, దానికి అనుగుణమైన ప్రవర్తన చాలునని చెప్పింది. వ్యక్తిగత చట్టపు ప్రశ్నపై వెలువడిన ఆ తీర్పు ఆలయ ద్వారం వద్ద ఆచారాన్ని మార్చలేదు.

ఉపసంహారం

భక్తివేదాంత మేనర్ చరిత్రలో దీక్ష, సేవ, గుర్తింపు అనే మూడూ వేర్వేరు కాలాలలో, వేర్వేరు వ్యక్తుల చేతుల నుండి లభించాయి. దీక్ష గురువు ఇచ్చినది. సేవ భక్తులు తమంత తాము చేపట్టినది. గుర్తింపు ఇతరులు ఇవ్వవలసినది. అందువల్లనే అది ఆలస్యంగా వచ్చింది, అన్నిచోట్లా రాలేదు. ఇంగ్లండ్‌లో అది రావడానికి శాస్త్రచర్చ కంటే, తమ ఆరాధనకు పెద్ద ఇబ్బంది లేని వేళ ఇతరుల ఆరాధన కోసం పాశ్చాత్య భక్తులు నిలబడటం ప్రధాన కారణమయింది. గోదావరి తీర సంవాదం గురువు అర్హతకు తత్త్వజ్ఞానాన్ని ప్రమాణంగా చూపింది. సమాజంలో స్థానానికి ఏది ప్రమాణమో అది చెప్పలేదు. ప్రవాసంలో స్థిరపడిన తెలుగువారు కూడా తమ ఆలయాలలో స్థానికులైన భక్తులను ఎదుర్కొంటున్న నేటి కాలంలో ఆ రెండవ ప్రశ్న తులనాత్మక పరిశోధనకు అర్హమైనది.