ఏది ఉంచాలి, ఏది పంపేయాలి

ఇంకో కట్టె వెయ్యరా నాన్నా, ఈ న్యూజిలాండ్ పాపకూరలో జూలై చలి ఎముకల్లోకి దిగుతుంది. అమ్మాయ్, నువ్వూ ఇటు జరుగు. లైబ్రరీవాళ్ళు మంచి మంచి పుస్తకాలు చవగ్గా ఎందుకు అమ్మేస్తున్నారని పొద్దున అడిగావు కదా, చెప్తా.

గ్రేట్ సౌత్ రోడ్డు మీదున్న మన సర్ ఎడ్మండ్ హిల్లరీ లైబ్రరీ చదువుకునేవాళ్ళ కోసం పెట్టింది. ఏళ్ళ తరబడి ఎవరూ తీయని పుస్తకం కదిలితేనే కొత్తదానికి చోటు. అందులో తప్పేమీ లేదు. దాచడమే పనిగా పెట్టుకున్న లైబ్రరీలు వేరే ఉన్నాయి. అక్కడివాళ్ళు ముందు చూసుకునేది ఒక్కటే, ఇది మన దగ్గర పోతే ఇంకెక్కడైనా దొరుకుతుందా అని. వెల్లింగ్టన్‌లో నేషనల్ లైబ్రరీ వాళ్ళు ఈ లెక్కతోనే ఆరు లక్షల దాకా విదేశీ పుస్తకాలు వదులుకుందామనుకున్నారు. 2021లో వాటిని ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే డిజిటల్ లైబ్రరీకి ఇచ్చేస్తామంటే రచయితలు ఊరుకోలేదు. ఆ ఏడాది నవంబరులో ఆర్కైవ్‌కి ఇవ్వడం మానుకున్నారు. అప్పుడు ఆగడం మంచిదే అనిపించింది నాకు. పుస్తకం విదేశీదే అయినా ఈ దేశంలో ఉన్న ప్రతి అదొక్కటే కావచ్చు కదా.

మన తాళపత్రాల రోజుల్లో ఈ తీర్పు ఇంకా కఠినంగా ఉండేది. ఆకు ఎన్నాళ్ళో ఆగదు. పురుగు తొలుస్తుంది, అంచులు విరుగుతాయి. పాతది శిథిలం కాకముందే ఎవరో కూర్చుని కొత్త ఆకు మీద గంటంతో మళ్ళీ గీయాలి, గీతల్లోకి మసి పట్టించాలి. అంత కష్టం ఎవరూ పడని గ్రంథం ఇక లేనట్టే. ఎన్ని పోయాయో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

కడపలో బ్రౌను దొర చేసింది అదే పని. కుంపిణీ ఉద్యోగి అయ్యుండి, పండితుల్ని జీతాలిచ్చి కూర్చోబెట్టి, ఒక్కో కావ్యానికి ఎన్నో ప్రతులు తెప్పించి సరిచూపించాడు. పండితులు చిన్నచూపు చూసిన వేమన్నను 1829లో అచ్చు వేయించాడు. ఇక్కడ సర్ జార్జ్ గ్రే కూడా అలాంటివాడే. గవర్నరు. మావోరీల కథలు, పాటలు రాయించి పోగు చేశాడు. 1887లో తన పుస్తకాలు ఆక్లాండ్‌కి ఇచ్చాడు. అక్కడున్న షేక్‌స్పియర్ మొదటి ఫోలియో కూడా ఆయన ఇచ్చిందే. కానీ మనం రోజూ తిరిగే గ్రేట్ సౌత్ రోడ్డు సైనికుల చేత వేయించిందీ ఆయనే, 1863లో వైకాటో మీదికి సైన్యాన్ని పంపిందీ ఆయనే. ఒక చేత్తో మావోరీల భూములు పోగొట్టి, ఇంకో చేత్తో వాళ్ళ మాటలు దాచాడు. అందుకే అంటాను, ఏది ఉంచాలో దొరలే తేల్చే స్థితి ఏ జాతికీ రాకూడదు.

మా ఊరు వేటపాలెంలో దొరలెవరూ లేరు. ఊరి కుర్రాళ్ళు 1918లో సారస్వత నికేతనం అనే గ్రంథాలయం పెట్టారు. 1929లో గాంధీగారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడుంది. ఊరికి వచ్చినవాళ్ళంతా కర్ర చూసేవాళ్ళు. మా నాన్న మాత్రం మగ్గం దిగి తిన్నగా పత్రికల గదికి నడిచేవాడు, నేను వెనకాల. బైండు చేసిన ఆంధ్రపత్రిక సంపుటం బల్ల మీద పరిస్తే సగం బల్ల నిండేది. కాగితం బెల్లం రంగు. ఒక చేత్తో తిప్పితే చిరుగుతుందని కింద అరచెయ్యి ఆనించి, రెండో చేత్తో పైన పట్టుకుని తిప్పాలి. తిప్పాక వేళ్ళకి పొట్టు అంటుకునేది.

దినపత్రిక మర్నాటికి పొట్లాం కట్టుకునే కాగితం. మిగతా ఊళ్ళు చాలావరకు అలాగే చేశాయి. వీళ్ళు దాచారు. ఆ సంపుటాల కోసమే ఎక్కడెక్కడి పరిశోధకులో ఆ చిన్న ఊరికి వస్తారు. ఒకాయన వార్తల జోలికే పోలేదు, అమృతాంజనం లాంటి ప్రకటనలన్నీ వరసగా రాసుకుంటూ కూర్చున్నాడు. జనం ఏం కొనుక్కున్నారో, ఏ జబ్బుకి భయపడ్డారో వాటిల్లోనే తెలుస్తుందట. దాచినవాళ్ళు ఆ ప్రకటనల్ని ఏనాడైనా పట్టించుకుని ఉంటారా? రేపటివాడికి ఏది కావాలో ఇవాళ్టివాడికి అందదురా. అందుకే పనికిరాదని కొట్టిపారేసే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

ఈ దేశపు చట్టం ఒకటి నాకు బాగా నచ్చింది. ఇక్కడ అచ్చయి జనంలోకి వెళ్ళిన పుస్తకాలూ పత్రికలూ నేషనల్ లైబ్రరీకి పంపాలి. మామూలుగా రెండు ప్రతులు, నూరుకి లోపు వేస్తే ఒకటి. భాష ఏదైనా సరే. మన తెలుగు సంఘం వేసే ఉగాది సంచికకీ ఈ లెక్కే వర్తిస్తుంది. అందులో నీ బొమ్మ, అమ్మాయి రాసిన పద్యం, పులిహోర స్పాన్సరు చేసిన కొట్టు ప్రకటన అన్నీ వెల్లింగ్టన్‌లో భద్రంగా ఉంటాయి. పంపారో లేదో రేపు సంఘం కార్యదర్శిని అడుగుతాను. పంపకపోతే మన దగ్గరున్న ప్రతులే పంపిద్దాం, చిరునామా నువ్వు రాయి.