కిక్కిరిసిన చేపలకు మేతలో ఉపశమనం ఉందా? ట్రిప్టోఫాన్ ఆధారాల పరిశీలన

పెంపకపు చేపలు ఇరుకులో పడే ఒత్తిడిని మేత ద్వారా తగ్గించవచ్చునన్న వాదన చాలాకాలంగా ఉంది. విటమిన్ సి, విటమిన్ ఇ, రేవల్చిని వేరు సారం వంటివి ఇందుకోసం పరీక్షకు వచ్చాయి. మన కార్పు జాతుల వరకు ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లంపై నేరుగా జరిగిన పని ఉంది కనుక పరిశీలనను దానికే పరిమితం చేయడం ఉచితం.

ఒత్తిడి కలిగినప్పుడు చేప మెదడు నుంచి ఏసీటీహెచ్ అనే హార్మోను ద్వారా తలవైపు మూత్రపిండంలోని కణాలకు సంకేతం చేరి, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను విడుదలవుతుంది. ఈ క్రమంపై ప్రభావం చూపే సెరటోనిన్ అనే రసాయనాన్ని మెదడు ట్రిప్టోఫాన్ నుంచే తయారుచేసుకుంటుంది. ఈ అమైనో ఆమ్లాన్ని చేప సొంతంగా తయారుచేసుకోలేదు. మేత నుంచే అందాలి.

1. మూలం. స్వీడన్‌లోని ఉప్సాలా పరిశోధకులు 2001లో, ట్రిప్టోఫాన్ కలిపిన మేత 7 రోజులు తిన్న రెయిన్‌బో ట్రౌట్‌లో దూకుడు తగ్గిందని, 3 రోజులకు ఆ ప్రభావం కనబడలేదని ప్రకటించారు. 2002లో అదే బృందం 2 గంటలపాటు నీటిమట్టం తగ్గించి చూసింది. మామూలు మేత తిన్న చేపల్లో కార్టిసాల్ పెరిగింది, ట్రిప్టోఫాన్ తిన్నవాటిలో అలా పెరగలేదు. అయితే 2002 ప్రయోగంలో చేపలను విడివిడిగా ఉంచారు. అక్కడ కొలిచింది కొద్దిసేపటి ఒత్తిడినే తప్ప ఇరుకును కాదు. ఇరుకుకు ఆధారంగా దానిని ఉదహరించేటప్పుడు ఈ తేడా చెప్పవలసి ఉంటుంది.

2. మన చేపపై ఆధారం. ముంబైలోని కేంద్రీయ మత్స్య విద్యా సంస్థకు చెందిన తేజ్‌పాల్ తదితరులు 2009లో వెలువరించిన పని ఇరుకుకు నేరుగా సంబంధించినది. సుమారు 4–5 గ్రాముల మోసు (మ్రిగాల) పిల్లలను 75 లీటర్ల నీటికి 10 చొప్పున ఒక వర్గంగా, 30 చొప్పున మరో వర్గంగా 60 రోజులు పెంచారు. మేతలో 0, 0.68, 1.36, 2.72 శాతం ట్రిప్టోఫాన్ కలిపారు. కలిపిన మేత తిన్న ఇరుకు వర్గంలో కార్టిసాల్, రక్తంలో గ్లూకోజ్ తగ్గాయని, ఎదుగుదల మెరుగైందని, 1.36 శాతం తగిన మోతాదని వారి నిర్ధారణ.

3. మోతాదులో వైరుధ్యం. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో ఇదే జాతి పిల్లల ఎదుగుదలకు పొడి మేతలో 0.38 శాతం ట్రిప్టోఫాన్ సరిపోతుందని తేల్చారు. రెండు ఫలితాలూ నిజమే కావచ్చు. ఒకటి ఎదుగుదల అవసరం, మరొకటి ఒత్తిడి తగ్గించే మోతాదు. కానీ రెండోది మొదటిదానికి మూడున్నర రెట్లు. ఇంత అధికం ఒత్తిడి లేని చేపకు ఏం చేస్తుంది?

4. ప్రతికూల సాక్ష్యం. ఈ ప్రశ్నకు 2019లో సెనెగల్ సోల్ అనే సముద్రపు చేపపై అజెరెడో తదితరులు చేసిన ప్రయోగం కొంత జవాబిస్తుంది. అవసరానికి రెండు రెట్లు, నాలుగు రెట్లు ట్రిప్టోఫాన్ ఉన్న మేతలను 38 రోజులు పెట్టారు. నాలుగు రెట్లు తిన్న చేపల్లో, ఇరుకున ఉన్నవాటికి వ్యాధి నిరోధం పెరిగింది. పలుచగా ఉన్నవాటిలో మరణాలే ఎక్కువయ్యాయి. జాతి వేరు, నీరు వేరు కనుక దీనిని మోసుకు యథాతథంగా అన్వయించరాదు. అయినా మోతాదులు దగ్గరగా ఉన్నందున దీనిని పక్కనపెట్టడం కూడా సమంజసం కాదు. ట్రిప్టోఫాన్ అన్ని వేళలా మేలు చేసే టానిక్ కాదనీ, దాని ఫలితం చేప ఉన్న స్థితిని బట్టి తలకిందులు కాగలదనీ అనుమానించడానికి ఇది బలమైన ఆధారం.

5. కొలమానం. కార్టిసాల్ తగ్గితే ఒత్తిడి తగ్గినట్లేనా? ఇంగ్లండులో పికరింగ్, స్టీవర్ట్ 1984లో బ్రౌన్ ట్రౌట్‌పై చేసిన పనిలో, ఇరుకు కొనసాగుతున్నా పెరిగిన కార్టిసాల్ కొన్ని వారాలకు మామూలు స్థాయికి దిగివచ్చింది. కనుక 60వ రోజు తీసిన ఒక్క రక్త నమూనాకు ఎదుగుదల, వ్యాధి నిరోధం, మరణాల లెక్క తోడు కావాలి. పైగా ట్రౌట్ సాంద్రతపై ఎల్లిస్ తదితరులు 2002లో చేసిన సమీక్ష చెప్పినట్లు, ఇరుకు ప్రభావాన్ని నీటి నాణ్యత ప్రభావం నుంచి విడదీయడం కష్టం. అమ్మోనియా పెరిగి, ఆక్సిజన్ తగ్గిన నీటిలో మేత మార్పు ఎంత పనిచేసినా అది అసలు కారణాన్ని తాకదు.

ఇక కొల్లేరు ప్రాంతపు చెరువుల మాట. ముంబై ప్రయోగంలోని ఇరుకు వర్గంలో ఒక్కో పిల్లకు దక్కింది 2.5 లీటర్లు, అంటే లీటరుకు సుమారు 2 గ్రాముల చేప. లెక్క కోసం హెక్టారుకు 10,000 చేపలు, 1.5 మీటర్ల లోతు అనుకుంటే, కిలో బరువుకు ఎదిగిన చేపకు 1,500 లీటర్లు వస్తాయి, లీటరుకు 0.7 గ్రాములు కూడా ఉండదు. ఈ అంకెలను బట్టి పెంపకపు చెరువు సోల్ ప్రయోగంలోని పలుచని వర్గానికే దగ్గరగా ఉండవచ్చు. పైగా ఇక్కడి సంప్రదాయ పద్ధతిలో తవుడు, నూనె చెక్కలను చిల్లుల సంచుల్లో కట్టి నీటిలో వేలాడదీస్తారు. పొడి అమైనో ఆమ్లం నీటిలో కరుగుతుంది కనుక, అలా కలిపితే ఎంత భాగం చేప నోటికి చేరుతుందో ప్రయోగశాల గుళికల ఫలితం చెప్పజాలదు.

ఆంధ్రలో నిజమైన ఇరుకు వేరే దశలో ఉంది. ఎదుగుదల అణచిపెట్టడానికి నర్సరీల్లో పిల్లలను ఏడాది వరకు ఒత్తుగా ఉంచి, తర్వాత పెద్ద చెరువుల్లోకి వదలడం ఇక్కడ బాగా స్థిరపడిన పద్ధతి. పరీక్ష జరగవలసింది ఆ నర్సరీల్లో, విడుదలకు ముందున్న వారాల్లో, సంచి మేతతో కాక గుళికలతో. పలుచగా ఉంచిన మరో వర్గానికీ అదే మేత పెట్టి, వదిలిన తర్వాత రెండు వర్గాల మరణాలనూ లెక్కించాలి. అప్పటి వరకు 1.36 శాతాన్ని పెద్ద చెరువుల రైతుకు సిఫారసు చేయడం తొందరపాటే.