ఇసుక కింద ఊట

పామిడి అనగానే మీలో చాలామందికి బట్టల అంగళ్ళు గుర్తుకొస్తాయి. ఆ ఊరి పక్కనే పెన్న ఉంది, ఒడ్డున భోగేశ్వరస్వామి గుడి ఉంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఆ ఏటిలో కనిపించేది ఇసుకే. అనంతపురం జిల్లాలో సాలుకు కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. మరి కరెంటూ ఇంజనూ లేని రోజుల్లో ఇక్కడివాళ్ళు పైరుకు నీళ్ళు ఎట్లా పెట్టారంటారు?

చెరువుల సంగతి మీకు తెలిసిందే. నేను చెప్పబోయేది ఊటకాలువ గురించి. పెన్న, చిత్రావతి, హగరి ఏళ్ళలో పైన ఇసుక ఎండినా అడుగున నీరు మెల్లగా నడుస్తూ ఉంటుంది. ఆ నీరు తగిలేదాకా ఏటిలోనే కాలువ తవ్వేవారు. దానికి ఏటికన్నా తక్కువ వాలు పెట్టేవారు. ఏరు కిందికి దిగిపోతుంటే కాలువ ఇంచుమించు మట్టంగా సాగి, కొంతదూరం పోయాక ఒడ్డెక్కి పొలంలో పడేది. ఎద్దులక్కరలేదు, చుక్క నూనె అక్కరలేదు. స్నానాల గదికి వాలు సరిగ్గా పెట్టలేని మేస్త్రీలను చూసినప్పుడల్లా నాకు ఆ తవ్వినవారికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది!

వరదొస్తే మాత్రం కాలువ పూడిపోయేది. మళ్ళీ ఊరంతా పార పట్టాలి. ఇట్లా ఉమ్మడిగా చేసే పనిని కుడిమరామత్తు అన్నారు. ఆనవాయితీ ప్రకారం పనికి రానివారి దగ్గర ఆ కూలికి రెట్టింపు వసూలు చేయవచ్చని 1858లో మద్రాసు ప్రభుత్వం చట్టమే చేసింది. నీటిని వంతుల ప్రకారం మళ్ళకు వదలడానికి నీరుగంటి ఉండేవాడు.

అయితే ఆ కాలమంతా బంగారమని నేననను. నీరుగంటి పని చాలా ఊళ్ళలో దళితవాడ వారిది, తడిసే పొలం ఇంకొకరిది. ఆ కాలువలున్న రోజుల్లోనే 1876-78 కరువు ఈ సీమలో వేలకు వేల ప్రాణాలు తీసింది.

ఇక బావుల మీద కపిల తోలేవారు. జత ఎద్దులు ఏటవాలు బాటలో ముందుకూ వెనక్కూ నడుస్తుంటే బాన నిండా నీరు పైకొచ్చేది. ఎద్దులు అలసిపోతే తోలడం ఆపేవారు, ఆ వేళ బావిలో మళ్ళీ ఊరేది. మోటారుకు అలసట ఏదండీ? బోర్లు వచ్చాయి. 2004లో సేద్యానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. రైతుకు మేలు కాలేదనను కానీ, ఎవరి బోరు వారిదైంది. పక్కవారు ఇంకా లోతుకు దింపితే మనది ఎండుతుంది. మళ్ళీ అప్పు, మళ్ళీ బోరు. ఆ అప్పుకోసం తాకట్టుకు పోయేవి ఎవరి మెడలోని గొలుసులో మీకు వేరే చెప్పాలా?

పైగా, ఊటను దాచిపెట్టే కుండ ఆ ఇసుకే కదా! అది లారీలెక్కి పట్టణాలకు, మన మేడలకు వచ్చేసింది. 2002 నాటి వాల్టా చట్టం బోరు వేయడానికీ ఇసుక తీయడానికీ కూడా హద్దులు పెట్టింది. ఇల్లు కట్టించేటప్పుడు సిమెంటు ధర నాలుగు కొట్లలో విచారిస్తాం. ఇసుక ఏ ఏటి నుంచి వచ్చిందని అడిగినవారు మనలో ఎందరు?